ఏలా అనే మాను

దావీదు వడిసెల రాయితో గొల్యాతును పడగొట్టిన చోటు పేరు ఆదివారం బడికి వెళ్లిన తెలుగు పిల్లలందరికీ తెలుసు: ఏలా లోయ. వాగులో ఏరుకున్న 5 నున్నటి రాళ్లు తెలుసు. గొల్యాతు ఎత్తు ఆరు మూరల జానెడని తెలుసు. ఏలా అంటే ఏమిటని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఏదో ఊరి పేరో, ఎవరో రాజు పేరో అనుకుని కథలో ముందుకు వెళ్లిపోతాం. నిజానికి అది హీబ్రూలో చెట్టు పేరు. మనకు మర్రిపాడు, చింతపల్లి, మామిడికుదురు ఎలాగో, యెరూషలేముకు నైరుతి దిక్కున ఉన్న ఆ లోయకు ఏలా అలాగ.

మరి ఏ చెట్టు? దీనికి ఒక్కమాటలో జవాబు లేదు. బైబిలును గ్రీకులోకి, లాటిన్‌లోకి, ఇంగ్లిషులోకి, తెలుగులోకి దించినవాళ్లు ఈ మాట దగ్గర తలా ఒక జవాబు రాశారు. ఒకే అనువాదంలో ఒకచోట ఒక చెట్టు, మరోచోట మరో చెట్టు కనబడతాయి. చదువురాక పడ్డ తడబాటు కాదది. వాళ్లంతా మహా పండితులు. మాట స్వభావమే అలాంటిది.

తెలుగు బైబిలు చదివేవారికి ఈ చెట్టు రెండు పేర్లతో పరిచయం: సింధూరవృక్షం, మస్తకివృక్షం. అబ్రాము (తర్వాతి అబ్రాహాము) కనాను దేశానికి వచ్చి మొదట ఆగింది మోరే దగ్గరి సింధూరవృక్షం వద్ద (ఆదికాండం 12:6). తర్వాత గుడారం వేసుకుంది హెబ్రోను దగ్గర మమ్రేలో, సింధూరవనంలో (13:18). మస్తకి అనగానే చాలామందికి గుర్తొచ్చేది యెషయా 61:3. దుఃఖపడేవారిని దేవుడు ఓదార్చి నీతి వృక్షాలుగా నిలబెడతాడని చెప్పే చోటు అది. ఆ అధ్యాయం మొదటి మాటలనే యేసు నజరేతు సమాజమందిరంలో చదివాడని లూకా సువార్త చెబుతుంది. తెలుగులో అక్కడున్నవి మస్తకివృక్షాలు. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిషు బైబిలులో ఏ పేరూ లేని ఉత్త చెట్లున్నాయి. ఇటీవలి ఇంగ్లిషు బైబిళ్లు చాలావాటిలో ఓక్ చెట్లున్నాయి. ఒకే వాక్యం, మూడు రకాల అడవి.

సింధూరం అంటే మనకు ఆంజనేయుడి ఒంటి రంగు. మస్తకి అంటే మస్తకం గుర్తొస్తుంది. పేరులో ఎరుపు ఉంది కనుక ఆ చెట్టు ఎర్రగా ఉంటుందనీ, మస్తకి అంటే తల ఎత్తి నిలిచిన చెట్టనీ అనుకోవడం సహజం. రెండూ పొరపాట్లే. సింధూరం ఇక్కడ ఓక్ చెట్టుకు తెలుగు పుస్తకాలు వాడిన పేరు. మస్తకి కథ వేరే దారిలో, చార్మినార్ మీదుగా వచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు అక్షరాలు చూడాలి.

పాతకాలపు హీబ్రూ రాతలో ఉన్నవి దాదాపు హల్లులే. అచ్చుల్లో కొన్నిటికి మాత్రం ఒకటి రెండు అక్షరాలు ఆసరాగా వాడేవారు. మన గుణింతాలన్నీ తీసేసి రాస్తే ఎలా ఉంటుందో చూడండి. కాగితం మీద 'చట' అని రెండక్షరాలే ఉన్నాయి. కొమ్ము లేదు, గుడి లేదు, ఒత్తు లేదు. అది చెట్టు కావచ్చు, చోటు కావచ్చు, చాట, చీటి, చుట్ట, చుట్టు ఏదైనా కావచ్చు. చదివేవాడు ముందువెనకల మాటలు చూసుకుని, పెద్దలు చదవగా విన్నది గుర్తు చేసుకుని పలకాలి.

ఏలా అనే మాటలో ఉన్నవి మూడక్షరాలు: అలెఫ్, లామెద్, హే. అవే మూడక్షరాలను 'ఏల్లె' అని చదివితే 'ఇవి' అని అర్థం. 'ఆలా' అని చదివితే ఒట్టు, శాపం. దీని తోబుట్టువు లాంటి ఇంకో మాట నాలుగక్షరాలది: అలెఫ్, లామెద్, వావ్, నూన్. అలెఫ్ కింద పక్కపక్కన రెండు చుక్కలు పెడితే అది ఏలోన్. ఆ రెండు చుక్కలు తీసి చిన్న అడ్డగీత గీసి, లామెద్ లోపల ఒక చుక్క పెడితే అల్లోన్. అల్లోన్ అంటే ఓక్ అని అందరూ ఒప్పుకుంటారు. ఏలోన్ ఏమిటన్న దగ్గర ఒప్పుకోరు. రెంటికీ మధ్య తేడా ఒక గీత, కొన్ని చుక్కలు.

ఆ చుక్కలూ గీతలూ పెట్టింది మసోరెతులనే యూదు పండితులు. గలిలయ సరస్సు ఒడ్డున తిబెరియలో, 7వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా తరతరాలుగా ఆ పని చేశారు. తమ చెవుల్లో ఉన్న పారాయణాన్ని చుక్క తప్పకుండా కాగితం మీద పెట్టాలని వాళ్లు పడ్డ శ్రమ అసామాన్యం. పూర్తిగా దొరికిన హీబ్రూ బైబిలు ప్రతుల్లో అతి పాతది 1008 ప్రాంతంలో రాసినది. అది ఇప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. అంటే అబ్రాము కథ రాతలోకి వచ్చిన కాలానికీ, మన చేతిలో ఉన్న ఆ చుక్కలకూ మధ్య వెయ్యేళ్లకు పైగా దూరం.

ఇక షెకెము సంగతి చూస్తే ఈ చిక్కు ఎంత లోతైనదో తెలుస్తుంది. నేటి నాబ్లస్ పక్కన ఉండేది ఆ ఊరు. అబ్రాము అక్కడికి వచ్చినప్పుడు నిలిచింది మోరే అనే ఏలోన్ వద్ద. అతని మనవడు యాకోబు తన ఇంటివారి దగ్గరున్న అన్య దేవతల బొమ్మలనూ చెవి పోగులనూ షెకెము దగ్గరే ఒక ఏలా కింద పూడ్చిపెట్టాడు (ఆదికాండం 35:4). యెహోషువ తన చివరి రోజుల్లో ప్రజలతో నిబంధన చేసి, ఒక పెద్ద రాయిని అక్కడి చెట్టు కింద నిలబెట్టాడు (యెహోషువ 24:26). అక్కడ అవే మూడక్షరాలకు మసోరెతులు బైబిలులో ఇంకెక్కడా లేని గుణింతం పెట్టారు. న్యాయాధిపతుల కాలంలో అబీమెలెకుకు పట్టం కట్టింది షెకెములోని ఒక ఏలోన్ దగ్గర (న్యాయాధిపతులు 9:6). ఒకే ఊరు, నాలుగు కథలు, మూడు రకాల పలుకుబడి. ఇవన్నీ వేరువేరు చెట్లా? ఊరి పొలిమేరలో తరాల తరబడి నిలిచిన ఒక్క చెట్టేనా? ఒక్క చెట్టే అని చాలామంది పండితుల అనుమానం. నాకూ అదే సబబుగా తోస్తుంది. ప్రమాణాలు చేసినా, పట్టం కట్టినా, పాత దేవుళ్లను పాతిపెట్టినా ఊరి వాళ్లందరికీ తెలిసిన చెట్టు కిందే చేస్తారు. మన ఊళ్లలో పంచాయితీలు రచ్చబండ మీద, రావిచెట్టు నీడన జరిగింది ఇందుకే.

మోరే అన్న మాటకు నేర్పేవాడు, దారి చూపేవాడు అని అర్థం. కనుక ఏలోన్ మోరే అంటే గురువు కూర్చునే చెట్టో, సోదె చెప్పే చెట్టో అయి ఉండాలి. అదే షెకెములో సోదెగాళ్ల ఏలోన్ అని మరో చెట్టు పేరు న్యాయాధిపతులు 9:37లో వస్తుంది.

ఇక్కడే ఒక ఇబ్బంది ఎదురైంది. పచ్చని చెట్ల కింద పూజలు చేయవద్దని ధర్మశాస్త్రం గట్టిగా చెప్పింది. ఆ చెట్ల నీడన ధూపం వేసేవారిని ప్రవక్త హోషేయ తిట్టిపోశాడు. మరి విశ్వాసులకు తండ్రి అయిన అబ్రాహాము వచ్చీ రాగానే ఒక సోదె చెట్టు దగ్గర ఆగి బలిపీఠం కట్టాడంటే వినడానికి ఎలా ఉంటుంది? సమాజమందిరాల్లో చదివే అరామిక్ అనువాదం ఈ ఏలోన్‌ను మైదానం అని మార్చింది. లాటిన్‌లోకి దించిన జెరోము లోయ అన్నాడు. 1611 ఇంగ్లిషు బైబిలు ఆ బాటనే నడిచి, మోరే మైదానం, మమ్రే మైదానం అని రాసింది. మన 'చట'లో చెట్టు పోయి చోటు మిగిలినట్టయింది. గ్రీకు అనువాదం మాత్రం అంతకు చాలా ముందే, క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలోనే, దాన్ని ఎత్తైన ఓక్ అని రాసింది. ఇంగ్లిషులో ఆ చెట్టు మళ్లీ మొలిచింది 1885 సవరణలో. తెలుగు బైబిలులో సింధూరవృక్షం నిలిచి ఉంది. ఇక్కడ మన తెలుగు పాఠమే మూలానికి దగ్గర.

ఇప్పుడు చెట్ల దగ్గరికే వెళ్దాం. ఏలా అనే మాటకు నేటి వృక్షశాస్త్రవేత్తలు చూపించే చెట్టు పిస్తా జాతికి చెందింది. ఇంగ్లిషులో టెరెబింత్ అంటారు. అరబ్బులు బుత్మ్ అంటారు. పాలస్తీనా కొండల్లో ఇది రెండు మూడు రకాలుగా కనిపిస్తుంది. వాటిలో అట్లాంటిక్ పిస్తా అనేది మహావృక్షం. 20 మీటర్ల దాకా ఎదుగుతుంది, వందల ఏళ్లు బతుకుతుంది. గుంపుగా అడవిలా పెరగడం తక్కువ. లోయ అంచున, పొలం గట్టున ఒంటరిగా నిలబడుతుంది. దారిన పోయేవాళ్లకు అదే గుర్తు. లోయకే దాని పేరు పడిందంటే ఆశ్చర్యం ఏముంది?

ఒక కొమ్మ దగ్గరికి తీసుకుని చూస్తే మనకు కొత్తగా అనిపించదు. వేపలో లాగా ఒకే ఈనెకు అటూ ఇటూ చిన్నాకుల వరస. ఆకు నలిపితే జిగురు వాసన. బఠాణీ గింజంత కాయలు గుత్తులుగా వేలాడతాయి. ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు, మన తాటిచెట్ల లాగే. చలికాలానికి ఆకు రాలుస్తుంది. ఆకు వాడిపోయిన ఏలాలా మీరు అయిపోతారని యెషయా మొదటి అధ్యాయంలో హెచ్చరించింది ఇది తెలిసే. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్టయితే ఆ పోలిక కుదరదు. అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి, ఇది మామిడికి చుట్టం. మామిడి, జీడిమామిడి, పిస్తా, ఏలా అన్నీ ఒకే కుటుంబం. మామిడి కాయ తుంచితే కారే సొన గుర్తుందా? ఏలా బెరడు మీద గాటు పెట్టినా అలాగే జిగురు కారుతుంది. గోడలకు రంగులు వేసేవాళ్లు వాడే టర్పెంటైన్ అనే మాట పుట్టింది ఈ చెట్టు గ్రీకు పేరు నుంచే. ఈరోజు టర్పెంటైన్ పైన్ జాతి చెట్ల నుంచి తీస్తున్నారు, పేరు మాత్రం పాత చెట్టుదే మిగిలింది.

మస్తకి కూడా ఇలాంటి జిగురే. హైదరాబాదులో యునానీ మందుల దుకాణానికి వెళ్లి రూమీ మస్తకీ అడగండి. లేత పసుపు రంగులో, కన్నీటి బొట్లు గడ్డకట్టినట్టున్న చిన్న చిన్న పలుకులు పొట్లం కట్టి ఇస్తారు. నోట్లో వేసుకుంటే మొదట పెళుసుగా విరిగి, నములుతుంటే బంకలా సాగుతుంది. గ్రీసు దేశపు ఖియోస్ దీవిలో పెరిగే పొద లాంటి చిన్న చెట్టు జిగురు అది. గ్రీకు పేరు అరబ్బీలోకి, అక్కడి నుంచి ఉర్దూలోకి, యునానీ వైద్యుల నోట మన నేలకు చేరింది. ఆ పొద ఏలాకు చెల్లెలు వరస. కచ్చితంగా అదే చెట్టు కాకపోయినా, మన భాషలో దొరికే పేర్లలో ఆ కుటుంబానికి చెందిన పేరునే తెలుగు అనువాదకులు పట్టుకున్నారు. మస్తకం వైపు మన మనసు పోతుందని వాళ్లు ఊహించి ఉండరు.

ఇంకో చుట్టరికం మన వంటింటికి ఇంకా దగ్గరది. చిన్నపిల్లలకు దగ్గు, జ్వరం వస్తే ఆయుర్వేద వైద్యులు బాలచాతుర్భద్ర చూర్ణం తేనెలో రంగరించి నాకించమంటారు. అందులో కలిపే నాలుగు సరుకుల్లో ఒకటి కర్కాటక శృంగి. పేరుకు తగ్గట్టే వంకర కొమ్ములా, లోపల డొల్లగా ఉంటుంది. అది కాయ కాదు, వేరు కాదు. హిమాలయాల్లో పెరిగే పిస్తా జాతి చెట్టు ఆకుల మీద పేను లాంటి పురుగులు చేరితే చెట్టు వాటి చుట్టూ ఉబ్బి కట్టుకున్న గూడు. పాలస్తీనా ఏలా మీద కూడా అచ్చం ఇలాగే, ఎర్రటి కొమ్ముల్లాంటి బుడిపెలు వేలాడతాయి. అక్కడి వాళ్లు వాటిని తోళ్లు పదును చేయడానికీ రంగులకూ వాడారు. ఏలా కొమ్మకు వేలాడే ఎర్ర కొమ్ముకూ, మన పిల్లలు తేనెతో నాకిన చూర్ణానికీ పుట్టుక ఒకటే.

అల్లోన్, అంటే ఓక్, గురించి తక్కువే చెబుతాను. మన తెలుగు నేల అడవుల్లో అది లేదు. పాలస్తీనాలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి ఎప్పుడూ పచ్చగా, ముళ్ల అంచు చిన్నాకులతో ఉంటుంది. రెండోది ఆకు రాల్చే తాబోరు ఓక్. బాషాను ఓక్ చెట్లతో తూరు పట్నం వాళ్లు ఓడల తెడ్లు చేసుకున్నారని యెహెజ్కేలు చెబుతాడు. కానీ ఒక్క వింత చెప్పకుండా ఉండలేను. ఆ ముళ్లాకుల ఓక్ కొమ్మలకు అంటుకుని ఒక పొలుసు పురుగు బతుకుతుంది. ఆడ పురుగులను ఏరి ఎండబెట్టి నూరితే నిగనిగలాడే ఎర్ర రంగు వస్తుంది. ప్రత్యక్ష గుడారపు తెరల్లో నీల, ధూమ్ర వర్ణాల పక్కన తెలుగు బైబిలు రక్తవర్ణం అన్నది ఇలాంటి పురుగు రంగే. ఓక్‌కు సింధూరమని పేరు పెట్టినవారికి ఈ సంగతి తెలుసని నేననను. అయినా ఆ చెట్టు మీద నిజంగానే సింధూరం లాంటి ఎరుపు ఉంది.

ఏలా అంటే పిస్తా జాతి, అల్లోన్ అంటే ఓక్ అని ఇక్కడితో తేల్చేయవచ్చా? ప్రవక్తల పుస్తకాల వరకు తేల్చవచ్చు. హోషేయ 4:13లో అల్లోన్, లిబ్నె, ఏలా అని మూడు చెట్లు వరసగా వస్తాయి. యెషయా 6:13లో ఏలా, అల్లోన్ పక్కపక్కనే ఉన్నాయి. పక్కపక్కన పెట్టారంటే రెండూ వేరని వాళ్లకు తెలుసు. కానీ సౌలు రాజు అస్థికల కథ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. యుద్ధంలో చచ్చిన సౌలు ఎముకలను యాబేషు వాళ్లు ఊళ్లో ఒక చెట్టు కింద పాతిపెట్టారు. మొదటి సమూయేలు 31:13 ఆ చెట్టును ఎషెల్ అంటుంది. అంటే ఎడారి అంచుల్లో పెరిగే, సన్న పొలుసుల ఆకుల పిచులవృక్షం. అదే సంఘటనను మళ్లీ చెప్పిన మొదటి దినవృత్తాంతాలు 10:12 ఏలా అంటుంది. పిచులానికీ పిస్తాకూ పోలికే లేదు. దినవృత్తాంతాలు రాసినాయనకు చెట్లు తెలియక కాదు. ఆయన చెవికి ఏలా అంటే పెద్ద చెట్టు, అంతే.

పక్కనున్న అరామిక్ భాష దీనికి బలమైన సాక్ష్యం. దానియేలు 4వ అధ్యాయంలో నెబుకద్నెజరు కలలో ఆకాశాన్నంటిన మహావృక్షం ఉంది. అక్కడున్న అరామిక్ మాట ఈలాన్. ఇదే కుటుంబపు మాట, అర్థం ఉత్త చెట్టు. తర్వాతి హీబ్రూలోకి అది అలాగే వచ్చింది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో పాటు కొలంబియా నౌకలో ప్రాణాలు వదిలిన ఇజ్రాయెల్ వ్యోమగామి ఈలాన్ రామోన్ పేరుకు అర్థం ఇదే, చెట్టు. ఈ మాటలన్నిటి వెనక బలం, ముందు నిలవడం అనే భావం ఉన్న పాత ధాతువు ఉందని భాషావేత్తలు చాలామంది అంటారు. పొట్టేలుకు హీబ్రూలో అయిల్ అనే పేరు కూడా ఈ పక్కదే. మంద ముందు నడిచేది పొట్టేలు, పొలంలో అన్నిటికీ ముందు కనబడేది ఏలా.

ఒకే చెట్టును ఒకే మనిషి రెండు పేర్లతో పిలిచిన రుజువు కూడా ఉంది. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ హెబ్రోను దగ్గరి అబ్రాహాము చెట్టును ఒక పుస్తకంలో ఓక్ అన్నాడు, మరో పుస్తకంలో టెరెబింత్ అన్నాడు. సృష్టి మొదలు నుంచీ అది అక్కడే ఉందని జనం చెప్పుకునేవారట. మమ్రేలో ఆ చెట్టు చుట్టూ ఏటా ఎండాకాలంలో పెద్ద జాతర జరిగేది. యూదులు అబ్రాహాము కోసం, క్రైస్తవులు అతనికి కనబడిన ప్రభువు కోసం, గ్రీకు దేవతలను కొలిచేవారు అక్కడ కనబడిన దేవదూతల కోసం ఒకేచోటికి వచ్చేవారని 5వ శతాబ్దపు సంఘ చరిత్రకారుడు సొజోమెన్ రాశాడు. అంతకు ముందే కాన్‌స్టంటైన్ చక్రవర్తి అక్కడి విగ్రహాలను తీయించి చర్చి కట్టించాడు.

ఈ కాలంలో యాత్రికులకు అబ్రాహాము చెట్టని చూపించింది హెబ్రోనులో రష్యన్ మఠం ఆవరణలోని ఒక ముసలి ఓక్‌ను. ఆ స్థలాన్ని రష్యన్ చర్చి కొన్నది 1868లో. చెట్టు 1996లో ఎండిపోయింది. రెండేళ్లకు దాని వేరు పక్కన ఒక పిలక లేచింది. ఇనుప ఊతలతో నిలబెట్టిన పెద్ద మోడు 2019లో కూలింది. ఏలానూ అల్లోన్‌నూ నరికేసినా మొద్దు మిగిలే ఉంటుందని యెషయా 6వ అధ్యాయం చివర చెప్పినది ఆ చెట్ల గుణం ఎరిగిన మాటే. నరికినా, ఎండినా అడుగు నుంచి చిగురు వేయడం వాటికి అలవాటు.

నేటి హీబ్రూలో గొడవ లేదు. బడి పుస్తకంలో ఏలా అంటే పిస్తా జాతి, అలోన్ అంటే ఓక్, ఈలాన్ అంటే చెట్టు. పాత గ్రంథంలో మాత్రం ఆ గీతలు అంత నిక్కచ్చిగా లేవు. ఇలాంటి మాట తెలుగులో ఒకటుంది. రాయలసీమలో చింతమాను, వేపమాను అని ఇప్పటికీ అంటారు. కదిరి దగ్గర ఎకరాల కొద్దీ పరుచుకుని, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమాను పేరు అందరికీ తెలుసు. మాను అంటే చెట్టు, బలమైన బోదె ఉన్న చెట్టు, ఊరి పెద్దలా నిలిచిన చెట్టు. ఏ జాతిదని ఆ మాట చెప్పదు. చెప్పాలంటే ముందు మర్రి అనో చింత అనో చేర్చుకోవాలి.

సింధూర, మస్తకి అన్న పేర్లు మన బైబిలులో తరాలుగా నిలిచినవి, వాటిని తీసేయమని నేననను. ప్రవక్తలు రెండు చెట్లను విడదీసి చెప్పినచోట అవి అవసరం కూడా. కానీ కొత్త తెలుగు అనువాదాలు సిద్ధం చేసేవారికి నాదొక మనవి. అబ్రాము ఆగిన చోట, యాకోబు బొమ్మలు పాతిన చోట, సౌలు ఎముకలు దాగిన చోట ఒకసారి మాను అని రాసి చూడండి. మోరే మాను, షెకెము మాను, యాబేషు మాను.